దీపాలార్పిన ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్ గారు

నా నవలల్లో ఒకదాంట్లో కథానాయికకి భర్త చనిపోతాడు. ఆ ఘట్టానికి నేను పదకొండు పేజీలు ఖర్చుపెట్టాను. గాజులు, కుంకం భరిణె, తలుపు వెనక నిలబడి ముక్కు చీదే తోడికోడలు, బయట వాన, ఒకటేమిటి, అన్నీ పెట్టాను. చదివి ఏడ్చామని ఉత్తరాలు వచ్చాయి. ఒకావిడైతే ఆ పూట పొయ్యి వెలిగించలేకపోయాననీ, ఇంట్లో వాళ్ళు హోటలు నించి తెప్పించుకు తిన్నారనీ రాసింది. ఆ ఉత్తరం చాలాకాలం బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నాను. ఈ మధ్య ఒక పుస్తకం రెండోసారి చదివాక ఆ పదకొండు పేజీల మీద నాకే నమ్మకం సడలింది. అందుకే ఈ నాలుగు మాటలూ.

పుస్తకం రాసినావిడ జహనారా ఇమామ్. బంగ్లాదేశ్ ఆవిడ. పుస్తకం పేరు 'ఏకాత్తొరేర్ దిన్‌గులి', అంటే 'డెబ్భై ఒకటి నాటి రోజులు' అన్నమాట. 1986లో ఢాకాలో అచ్చయింది. నాకు బెంగాలీ రాదు. ఇంగ్లీషు అనువాదం చదివాను. అనుమానం వచ్చినచోట మా పక్కింటి బెంగాలీ ఆవిణ్ణి అడిగి మూలం చదివించుకున్నాను. ఆవిడ చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయేది, అప్పుడు నేను లేచి టీ పెట్టేదాన్ని.

1971 మార్చి 1వ తేదీతో మొదలై డిసెంబరు 17తో ముగిసే డైరీ ఇది. మొదటి రోజు సంగతేమిటో తెలుసా? పెద్దకొడుకు రూమీ క్రికెట్ చూసి సాయంత్రం స్నేహితుల్ని ఇంటికి తీసుకొస్తానన్నాడు, వాళ్ళకి హాంబర్గర్లు చేసిపెట్టాలి. తల్లి బజారుకెళ్ళి రొట్టెలు కొనుక్కుంటోంది. ఆ మధ్యాహ్నమే రేడియోలో జాతీయ అసెంబ్లీ సమావేశం వాయిదా వేశామని యాహ్యాఖాన్ ప్రకటన వచ్చింది. ఎన్నికల్లో షేక్ ముజీబుర్ రెహమాన్ పార్టీ నెగ్గింది, అధికారం అప్పజెప్పడం మాత్రం ఇస్లామాబాదుకి ఇష్టం లేదు. క్రికెట్ మైదానంలోంచి జనం రోడ్డు మీదికొచ్చారు. హాంబర్గర్ల సంగతి అంతే. ఒక దేశం రెండు ముక్కలవడానికి మొదటి పేజీ రొట్టెల బేరంతో మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! నేనైతే ఊరేగింపుతో మొదలుపెట్టేదాన్ని.

ఆవిడెవరో నాలుగు ముక్కల్లో చెబుతాను. 1929లో ముర్షీదాబాద్ జిల్లాలో పుట్టింది. తండ్రి డిప్యూటీ మేజిస్ట్రేటు. కలకత్తా లేడీ బ్రాబోర్న్ కాలేజీలో బి.ఏ. షరీఫ్ ఇమామ్ అనే సివిల్ ఇంజనీరుతో 1948లో పెళ్ళి. 1952 నించి 1960 దాకా ఢాకాలో సిద్ధేశ్వరీ బాలికల పాఠశాలకి హెడ్‌మిస్ట్రెస్. తర్వాత టీచర్స్ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పింది. 'ఖవాతీన్' అనే మహిళా మాసపత్రికకి సంపాదకురాలిగా కూడా పనిచేసింది, కనక మన బాపతు మనిషే. పిల్లల పుస్తకాలు రాసింది. లారా ఇంగాల్స్ వైల్డర్ పుస్తకాలు, అవేనండీ, మైదానం మీద చిన్న ఇల్లు కట్టుకుని బతికిన అమెరికా కుటుంబం కథలు, వాటిని బెంగాలీలోకి తెచ్చింది. ఇల్లు దిద్దుకోవడం కూడా కథే అని అప్పటికే ఆవిడకి తెలుసు.

యుద్ధం వచ్చేనాటికి సిద్ధేశ్వరీ బడి వదిలి పదకొండేళ్ళయింది. బడి మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఈ డైరీని యుద్ధ సాహిత్యమనీ, తల్లి గుండెకోత అనీ మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. నాకు మాత్రం ఇది హాజరు పట్టీలా కనిపించింది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎన్ని గంటలకి కర్ఫ్యూ సడలించారు, ఎవరింట్లో ఎవరు దాక్కున్నారు, బజార్లో ఏది దొరికింది, ఏది దొరకలేదు. మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద విరుచుకుపడ్డాక తెల్లారి ఆవిడ మొదట చేసే పని అదే, లెక్క చూసుకోవడం. తెలిసినవాళ్ళలో ఎవరున్నారు, ఎవరు లేరు. టీచరమ్మలకి ఈ అలవాటు చచ్చినా పోదు. మా చిన్నప్పుడు సైన్సు మాస్టారమ్మ ఒకావిడ మమ్మల్ని జంతు ప్రదర్శనశాలకి తీసుకెళ్ళి, సింహం ఎదట నిలబెట్టి కూడా మా తలలే లెక్కపెట్టింది.

రూమీకి ఇరవై ఏళ్ళు. చికాగోలో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది, సెప్టెంబరులో చదువు మొదలవ్వాలి. పిల్లాడు యుద్ధానికి వెళతానంటాడు. పారిపోయి వెళ్ళడం అతని పద్ధతి కాదు. తల్లిని ఒప్పించి వెళ్ళాలి. డిబేట్లలో కప్పులు గెలిచిన కుర్రాడు. రోజుల తరబడి వాదన. నువ్వు వెళ్ళమంటే అమెరికాకే వెళతాను గాని బతికినన్నాళ్ళూ సిగ్గుపడుతూనే బతకాలి అన్న ధోరణి. చివరికి ఏప్రిల్ నెలలో తల్లి ఓడిపోయింది. సరే, నిన్ను దేశం కోసం ఖుర్బానీ ఇచ్చేశాను, వెళ్ళు అనేసింది. ఆ మాట అంటే బక్రీదునాడు బలికి వాడే మాట. మన ఇళ్ళల్లో పిల్లలు బయల్దేరేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనాలి గాని 'వెళ్తాను' అనకూడదని పెద్దవాళ్ళు ఎందుకంటారో నాకు ఆ పేజీ దగ్గర తెలిసింది. తర్వాత జూన్ నెలలో కారు తనే నడుపుకుంటూ తీసుకెళ్ళి సెక్రటేరియట్ గేటు దగ్గర దింపి వచ్చింది, వాడేదో సినిమాకి వెళుతున్నట్టు. రూమీ త్రిపురలోని మేలాఘర్‌లో శిక్షణ పొంది గెరిల్లాగా ఢాకా తిరిగొచ్చాడు. ఆగస్టు 25న ధన్మండీలో దాడి చేశాడు. 29 అర్ధరాత్రి సైనికులు ఇంటికొచ్చి రూమీనీ, తండ్రినీ, తమ్ముడు జామీనీ, ఇంట్లో ఉన్న మిగతా మగవాళ్ళనీ పట్టుకుపోయారు. రెండ్రోజుల తర్వాత తండ్రీ, తమ్ముడూ దెబ్బలు తిని తిరిగొచ్చారు. రూమీ రాలేదు.

ఇంతవరకూ ఢాకాలో స్కూలు పిల్లలకి కూడా తెలిసిన కథే. ఈ కథ వల్లే ఆవిడకి 'షహీద్ జననీ' అని పేరొచ్చింది, అమరవీరుడి తల్లి అని. నా పేచీ అంతా ఈ బిరుదుతోనే.

మొదటిసారి చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. కొడుకు పుస్తకమంతా ఉన్నాడు. వాడి మాటలు, వాడి పాటలు, వాడి వాదనలు. మరి భర్త? డిసెంబరు 13న, ఢాకా చేతికి రావడానికి మూడు రోజుల ముందు, షరీఫ్ ఇమామ్ గుండెపోటుతో చనిపోయాడు. ఎక్కడా గుండెలు బాదుకోవడం లేదు. ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళారు, డాక్టర్లు ఏం చేశారు, ఇంటికి ఎలా తెచ్చారు, అంతే. ఏమిటీవిడ, ఇరవై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి పోతే ఇంతేనా అనుకున్నాను. నా కథానాయికకి పదకొండు పేజీలిచ్చానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండోసారి చదివినప్పుడు భర్తని వెతుక్కుంటూ చదివాను. ఆయన ప్రతిచోటా ఉన్నాడు. నేనే చూళ్ళేదు. ఆవిడ హడావుడిగా తిరుగుతుంటే ఆయన వెనక నిలబడి ఉంటాడు, ఫోటోలో పక్కకి తప్పుకున్న మనిషిలా. గెరిల్లాలకి ఆవిడ అన్నం పెట్టిందీ, డబ్బూ మందులూ పంపిందీ అందరూ చెబుతారు. ఆయనేం చేశాడో చూడండి. రెండో సెక్టారు నాయకుడు ఖాలెద్ ముషర్రఫ్ నించి కబురొచ్చింది, దేశంలోని వంతెనలూ కల్వర్టుల వివరాలు కావాలని. షరీఫ్ ఇంజనీరు. స్నేహితులతో కలిసి రోడ్ల శాఖ కాగితాల్లోంచి రహస్యంగా ఆ వివరాలు రాసి పంపాడు. ఏ వంతెనని ఎక్కడ పేలిస్తే సైన్యం ఆగుతుందో అన్నది ఒక లెక్క. రేపు దేశం మనదయ్యాక త్వరగా బాగుచేసుకోవడానికి వీలుగా ఎక్కడ పేల్చాలన్నది రెండో లెక్క. వంతెనలు కట్టడం నేర్చుకున్న మనిషి వాటిని ఎలా పడగొట్టాలో కాగితం మీద గీస్తూ, మళ్ళీ ఎలా నిలబెట్టాలో కూడా అప్పుడే ఆలోచించాడు. ఇంతకన్నా భార్య భర్త గురించి ఏం రాయాలి? ఆయన మంచివాడండీ అని విడిగా సర్టిఫికెట్ ఇవ్వాలా?

ఇక ఈ పుస్తకంలో నన్ను నిద్రపోనివ్వని భాగం క్షమాభిక్ష సంగతి. సెప్టెంబరు మొదటి రోజులు. రూమీ బతికే ఉన్నాడని ఆశ. యాహ్యాఖాన్‌కి క్షమాభిక్ష కోరుతూ అర్జీ పెడితే వదిలేస్తారేమోనని ఆప్తులు సలహా ఇచ్చారు. కాగితం మీద నాలుగు వాక్యాలు, కింద సంతకం. తల్లి మనసు ఎటు లాగుతుందో వేరే చెప్పాలా? తండ్రి కూడా మనిషేగా. కాని వాడు ఏ ప్రభుత్వం మీద తుపాకీ పట్టాడో ఆ ప్రభుత్వం కాళ్ళ మీదే పడితే వాడి తల వంచినట్టు కాదా అన్నాడు షరీఫ్. ఆలోచించారు, ఊగిసలాడారు, చివరికి అర్జీ పెట్టలేదు. సెప్టెంబరు 5న సాధారణ క్షమాభిక్ష ప్రకటించారు. జైలు తలుపులు తెరిచినా రూమీ రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ తర్వాత ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నారు. ఆ అర్జీ ప్రసక్తి ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చి ఆగిపోయిందో! మన కథల్లో అయితే ఆవిడ ఆయన్ని నిలదీసేది. 'నా కొడుకుని మీరే చంపారు' అని ఒక్క డైలాగు పడితే చాలు, ఆ వారం సీరియల్ అక్కడ ఆపేసేవాళ్ళం. ఆవిడ అలాంటిదేమీ రాయలేదు. ఇంట్లో కళ్ళు కనిపించని ముసలి మామగారున్నారు. ఆయన వినకుండా మాట్లాడుకోవాలి, ఆయన ముందు మామూలుగా ఉండాలి. ఆ రోజుల్లోనే, ఇంత చదువుకున్న మనిషి, తప్పిపోయిన పిల్లల తల్లులతో కలిసి పిచ్చి పీరు అని పేరున్న ఒకాయన దగ్గరికి తిరిగింది, రూమీ బతికున్నాడని ఆయన నోట వినడానికి. దాని గురించి సిగ్గుపడుతూ రాయలేదు, సమర్థించుకుంటూనూ రాయలేదు. వెళ్ళాను అని రాసింది. భర్త మటుకు చిక్కిపోతూ వచ్చాడు. సైనికుల దెబ్బలూ, కొడుకూ, ఆ పెట్టని అర్జీ, ఇందులో ఏది ఆయన గుండెని తినేసిందో ఆవిడ తేల్చి చెప్పదు. పక్కన పడుకునే మనిషికి మాత్రం తెలియకుండా ఉంటుందా?

భర్త మరణాన్ని ఆవిడ క్లుప్తంగా ఎందుకు రాసిందో నాకు అప్పుడు అర్థమైంది. అది డిసెంబరు 13న మొదలైన చావు కాదు. సెప్టెంబరు నించీ ఆయన చిక్కిపోవడాన్ని రోజూ హాజరు వేస్తూనే ఉంది. నేనే కొడుకు కోసం పేజీలు తిప్పేస్తూ అవి దాటేశాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పుస్తకంలో లోపాలు లేకపోలేదు. పేర్లు మరీ ఎక్కువ. బంధువులూ, వాళ్ళ స్నేహితులూ, ఆ స్నేహితుల కార్లూ గుర్తుపెట్టుకోలేక నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇంకో సంగతి. కారూ, ఫోనూ, గులాబీ తోటా ఉన్న ఇంటి కిటికీలోంచి చూసిన యుద్ధం ఇది. పల్లెల్లో ఆడవాళ్ళ మీద జరిగిన ఘోరం ఇందులో కబురుగానే వినిపిస్తుంది. లక్షల సంఖ్యలో కాలినడకన సరిహద్దు దాటినవాళ్ళ యుద్ధం వేరు. ఆవిడ చూడనిది చూసినట్టు రాయలేదు, అది మంచిదే. కాని ఈ ఒక్క పుస్తకం చదివి ఆ తొమ్మిది నెలలూ తెలుసుకున్నామనుకోకూడదు. ఇంకా ఒకటి, ఆ రోజుల్లో గుట్టుగా రాసిపెట్టుకున్న దాన్ని పదిహేనేళ్ళ తర్వాత దిద్ది పుస్తకంగా అచ్చువేసింది. ఆ సంభాషణలన్నీ ఆ రాత్రే రాసినవి కావు. తెలిసిన చేయి తర్వాత సర్దిన ఇల్లు ఇది. అప్పటికి ఆవిడకి నోటి కేన్సరు. మాట్లాడటమే కష్టమైన మనిషి ఎన్ని మాటలు రాసిందో చూడండి.

ఇదే చేత్తో ఇంకో పుస్తకం గురించి చెప్పాలి. 1991లో వచ్చింది, 'ఏకాత్తొరేర్ స్మృతి', డెబ్భై ఒకటి జ్ఞాపకం. రాసింది బాసంతీ గుహఠాకుర్తా. విచిత్రం, ఈవిడా హెడ్‌మిస్ట్రెస్సే, ఢాకా గెండారియాలో మనీజా రెహమాన్ బాలికల పాఠశాలకి. భర్త జ్యోతిర్మయ్ గుహఠాకుర్తా ఢాకా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు, హిందూ విద్యార్థులుండే జగన్నాథ్ హాల్ అనే హాస్టలుకి ప్రోవోస్టు. మార్చి 25 రాత్రి సైనికులు ఇంటికొచ్చి, ఆయన్ని బయటికి తీసుకెళ్ళి, పేరూ మతమూ అడిగి కాల్చారు. ఆయన వెంటనే చనిపోలేదు. బయట కర్ఫ్యూ. ఆస్పత్రి దగ్గర్లోనే ఉన్నా 27 పొద్దుటిదాకా తీసుకెళ్ళడానికి దారి లేకపోయింది. 30న ఢాకా మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ప్రాణం పోయింది. ఆ తర్వాత తల్లీ, ఈడొచ్చిన కూతురు మేఘనా నెలల తరబడి ఇల్లు మార్చి ఇల్లు దాక్కుంటూ బతికారు. ఆ కూతురు పెద్దయ్యాక అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది.

మా పక్కింటావిడ ఈ పుస్తకంలోంచి కొన్ని భాగాలు చదివి వినిపించింది. ఈవిడది సూటిగా భార్య రాసిన పుస్తకం. భర్తని ఎలా కాల్చారో సాక్ష్యం చెప్పాలి, అంతే. ఇద్దరూ బడులు నడిపినవాళ్ళే, ఇద్దరి భర్తల్నీ ఆ యుద్ధమే తీసుకుపోయింది. ఒకావిడ మాత్రం దేశానికే అమ్మ అయింది, రెండో ఆవిడ పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు? వీరమాతకి ఉన్న గౌరవం వీరుడు కాని మామూలు మేష్టారి భార్యకి ఎందుకుండదు? జహనారా ఇమామ్‌కి కూడా ఆ బిరుదు కింద భార్య అనే సగం కప్పడిపోయింది. ఇది ఆవిడ చేసింది కాదు, మనం చేసింది. మనకి కొడుకుని ఇచ్చిన తల్లి కావాలి. భర్తని పోగొట్టుకున్న ఆడదాన్ని మాత్రం వెనక గదిలోనే కూర్చోబెడతాం.

ఆవిడ కూర్చోలేదనుకోండి. 1991 చివర్లో, పాకిస్తాన్ సైన్యంతో చేతులు కలిపాడన్న ఆరోపణ ఉన్న గులాం ఆజమ్‌ని జమాతే ఇస్లామీ తమ అధినేతగా ప్రకటించింది. కేన్సరుతో తీసుకుంటున్న ఈవిడ 1992 జనవరిలో ఒక కమిటీ పెట్టి, మార్చి 26న సుహ్రవర్దీ ఉద్యానంలో లక్షల జనం ఎదట ప్రజాన్యాయస్థానం నడిపింది. ప్రభుత్వం ఆవిడతో సహా 24 మంది మీద రాజద్రోహం కేసు పెట్టింది. అప్పటి ప్రధాని ఖాలిదా జియా కూడా భర్తని తుపాకులకి పోగొట్టుకున్న మనిషే, కాలం చిత్రమైంది. ఆ కేసు నెత్తిమీద ఉండగానే 1994 జూన్ 26న అమెరికాలో, డెట్రాయిట్‌లో జహనారా ఇమామ్ కన్నుమూసింది. యుద్ధనేరాలకి ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడటానికి 2010 దాకా పట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మకి ఈ పుస్తకం తెలుగులో చెబుతూ కూర్చున్నాను. అమ్మ గోంగూర ఒలుస్తోంది. 1971 డిసెంబరులో అమ్మ విశాఖపట్నంలో కొత్త పెళ్ళికూతురు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ ఊరి సముద్రంలోనే మునిగిపోయింది కదా. ఆ రోజుల బ్లాకవుట్ గురించి అమ్మ ఎప్పుడూ సరదాగా చెబుతుంది. కిటికీలకి నల్లకాగితాలు అంటించారట, చీకట్లో వడ్డించుకుంటూ పులుసనుకుని మజ్జిగ పోసేసుకున్నారట, ఆడపడుచులు ఒకటే నవ్వులట.

నేను డిసెంబరు 13 దగ్గరికొచ్చాను. ఢాకాలోనూ బ్లాకవుట్. షరీఫ్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆగిన గుండెని కొట్టించే మెషీను ఉంది, డాక్టర్లున్నారు. విమానదాడుల భయంతో మెయిన్ స్విచ్ కట్టేసి ఉండడం వల్ల మెషీనుకి కరెంటు లేదు. చేతులతోనే ఒత్తి చూశారు. అంతే.

అమ్మ కాడలు తుంచడం ఆపింది.

"ఆ విమానాలు మనవే కదుటే?" అంది.

"మనవే అమ్మా. అవి వస్తుంటే ఢాకా జనం మేడలెక్కి సంతోషంగా చూశారట" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపటికి చాట దగ్గరికి లాక్కుని, ఒలిచిన ఆకులోంచే మళ్ళీ కాడలు ఏరడం మొదలుపెట్టింది.